సున్నం వేసిన గోడ

ఆ వేసవి మొదట్లో మా గుండీ చెవిలో గుండీ పెట్టుకుంది.

గుండీ అంటే మా అక్క కూతురు. అప్పటికి ఆరేళ్లు. అమ్మ స్కూలు యూనిఫాంలు కుట్టేది. ఆ మిషను పక్కన కూర్చుని, రేకు డబ్బాలో చెయ్యి పెట్టి, తెల్లవి ఒకవైపు, నీలంవి ఒకవైపు గుండీలు ఏరుతూ పెరిగింది కాబట్టి ఆ పేరే ఖాయమైపోయింది. బడి రిజిస్టర్లో ఉన్న పేరుతో పిలిస్తే తలెత్తి కూడా చూసేది కాదు.

ఆసుపత్రిలో డాక్టరు టార్చి వేసి చూసి, "బాగా లోపలికి పోయింది. మత్తిచ్చి తియ్యాలి. తల్లో తండ్రో సంతకం పెట్టాలి" అన్నాడు.

"తల్లి లేదండి. పోయి మూడేళ్లయింది" అన్నాను.

"తండ్రి?"

"లారీ మీద వెళ్లాడండి. ఫోను కలవట్లేదు."

"మీరేమవుతారు?"

"పిన్నిని. ఈవిడ అమ్మమ్మ. వాళ్లమ్మ పోయినప్పటి నుంచీ మా దగ్గరే ఉంటోంది."

"అలాగని కాగితం ఏదైనా ఉందా?"

అమ్మ నా మొహం చూసింది. మా ఇంట్లో కాగితం అన్న మాట వినిపిస్తే అందరూ చూసేది నా మొహమే. కరెంటు బిల్లు నుంచి మందు సీసా మీది అక్షరాల దాకా నేనే చదివి చెప్పాలి. మావాళ్లలో డిగ్రీ దాకా వెళ్లినదాన్ని నేనొక్కదాన్నే. ఆ నెలలోనే ఫలితాలు వచ్చాయి.

మధ్యాహ్నం దాకా బెంచీ మీదే కూర్చున్నాం. గుండీ ఏడ్చి ఏడ్చి అమ్మ ఒళ్లో సోలిపోయింది. చివరికి బావ ఏదో దాబా దగ్గర ఫోను చూసుకుని, డాక్టరుతో మాట్లాడి, కాగితం మీద సంతకం చేసి ఫోటో పంపాడు. ఆ తర్వాత పని పది నిమిషాలే. డాక్టరు ఆ గుండీని చిన్న సీసాలో వేసి ఇచ్చాడు. గుండీ మత్తు పూర్తిగా దిగకముందే సీసాలోకి చూసి, "ఇది కాలరుది" అంది.

ఇంటికి వచ్చాక అన్నాను. "ఇలా కుదరదమ్మా. పద్ధతి ప్రకారం కోర్టు కాగితం తెచ్చుకుందాం."

"మన పిల్లకీ మనకీ మధ్య కాగితం ఏంటే?"

"ఇవాళ ఆసుపత్రి, రేపు బడి. ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఒక్కసారి చేయించేసుకుంటే నిశ్చింత."

అమ్మ దారం పంటితో తెంపి, "సరే. చదువుకున్నదానివి, నీకు తెలియాలి" అంది.

ఆ మాట అప్పుడు నాకు గర్వంగానే అనిపించింది.

* * *

ఉచితంగా సలహా చెప్పే ఆఫీసు కోర్టు వెనక ఉండేది. ఫ్యాను గాలికి లేచిపోకుండా ప్రతి కాగితాల దొంతర మీదా ఒక్కో గాజు గ్లాసు బోర్లించి ఉంది. లాయరుగారు నెరిసిన జుట్టావిడ. నేను నోటు పుస్తకం తెరవడం చూసి నవ్వి, "రాసుకో, మంచిదే" అంది.

రాసుకున్నాను. పిల్ల ఊరికే బంధువుల ఇంట్లో ఉంటే అది ఉండటమే తప్ప హక్కు కాదు. కోర్టు మనల్ని గార్డియన్‌గా నియమిస్తే బడిలో, ఆసుపత్రిలో సంతకం పెట్టొచ్చు, కానీ తండ్రి తండ్రిగానే ఉంటాడు, పరిస్థితులు మారితే కోర్టు ఆ ఏర్పాటునీ మార్చొచ్చు. దత్తత అలాంటిది కాదు. అయితే అయినట్టే. పాత కుటుంబంతో చట్టం ప్రకారం ఉన్న బంధం తెగిపోతుంది, పుట్టిన సర్టిఫికెట్టులో తల్లిదండ్రుల పేర్లు కూడా మారతాయి.

"మీకు గార్డియన్ సరిపోతుంది. పిల్లకి తండ్రి ఉన్నాడుగా" అంది లాయరుగారు. "దరఖాస్తు వేస్తే తండ్రికి నోటీసు వెళ్తుంది. దగ్గరి బంధువులకీ వెళ్తుంది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే వచ్చి చెప్పుకుంటారు."

"అభ్యంతరం ఎవరికి ఉంటుందండి? మూడేళ్లలో ఎవరూ అడగను కూడా అడగలేదు."

"అడగనివాళ్లు అడగడానికే నోటీసు."

బంధువుల పేర్లు, చిరునామాలు రాసే గడి పెద్దగా ఉంది. నిజం దాచకూడదని కింద అచ్చువేసి ఉంది. బావకి ఒక అక్క ఉంది, నేను వదినా అని పిలుస్తాను. అక్క పోయాక రెండుసార్లు వచ్చి చూసి వెళ్లింది. ఆవిడ ఎక్కడ ఉంటుందో మాకు సరిగ్గా తెలియదు. గడి ఖాళీగా వదిలేసినా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదేమో. నేను మాత్రం అక్క పాత డైరీ అంతా తిరగేసి, చిరునామా పట్టుకుని, తప్పు పోకుండా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

* * *

యూనిఫాంల సీజను బాగా ముదిరాక వదిన వచ్చింది, భర్తతో. షాపులో కస్టమర్లు కూర్చునే స్టూళ్ల మీదే కూర్చున్నారు. చుట్టూ నీలం గుడ్డలు. కాసేపు ఎండ గురించి మాట్లాడుకున్నాం.

"అత్తయ్యగారూ" అంది వదిన చివరికి. "మరదలు పోయినప్పుడే అడుగుదామనుకున్నాను. అప్పుడు మిమ్మల్ని చూసి నోరు రాలేదు. పిల్ల మీ దగ్గర హాయిగానే ఉంది కదా, ఎందుకు కదపడం అనుకున్నాం. ఇప్పుడు కోర్టు నుంచి కాగితం వచ్చింది. ఎలాగూ కోర్టే తేలుస్తుందంటే, మా మాట కూడా చెప్పుకుందామని."

"మీ మాట ఏంటమ్మా?"

"మాకు పెళ్లయి పదకొండేళ్లు." ఒళ్లో బ్యాగు జిప్పు తీసి మళ్లీ వేసింది. వాళ్లాయన కిందకి చూశాడు. "దత్తతకి వేశాం. తమ్ముడు ఒప్పుకున్నాడు. సంతకం పెట్టేశాడు."

"మాతో ఒక్క మాట అనకుండానా?"

"వాడు మళ్లీ పెళ్లి చేసుకుంటున్నాడు అత్తయ్యగారూ. మీ ముందు నిలబడే మొహం లేదు వాడికి."

మిషను ఆగిపోయింది. గుండీ డబ్బా పక్కన పెట్టి లేచి, వదిన భర్త దగ్గరకి వెళ్లి చొక్కా కేసి తేరిపార చూసింది. "మీకు మూడోది వేరే గుండీ. దానికి రెండే కన్నాలు. మిగతావాటికి నాలుగు" అంది.

ఆయన తల వంచి చొక్కా చూసుకున్నాడు. "అవునే! ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎవరూ చూడలేదు" అని నవ్వాడు. గుండీ డబ్బాలోంచి సరైనది వెతికి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని జేబులో వేసుకోకుండా, వెళ్లేదాకా గుప్పిట్లోనే పట్టుకుని కూర్చున్నాడు. వాళ్లు చెడ్డవాళ్లయినా బాగుండేది.

మర్నాడు లాయరుగారు అంతా విని నిట్టూర్చింది. "తండ్రి సంతకం వాళ్లకి పెద్ద బలం. ఇద్దరూ ఉద్యోగస్తులు, చిన్న వయసు. అయినా పిల్ల ఎవరి చేతిలో పెరిగింది, ఎక్కడ అలవాటు పడిందన్నది కూడా కోర్టు చూస్తుంది. మీ ఇల్లు చూడటానికి ఆఫీసరు వస్తారు. ఆ రిపోర్టు మీద చాలా ఉంటుంది. జాగ్రత్త."

* * *

ఆ జాగ్రత్త అన్న మాటని నేను ఎలా అర్థం చేసుకున్నానో చెప్పాలి.

మా ఇల్లు ముందు షాపు, వెనక ఒక గది, ఆ వెనక వంటకి కాస్త చోటు. గదిలో సగం గుడ్డ కత్తిరించే బల్లే. గుండీ ఆ బల్ల కింద పడుకునేది. అమ్మ మిగిలిపోయిన ముక్కలన్నీ కలిపి అక్కడ మెత్తగా పరుపు కుట్టింది, బల్లకి పాత గుడ్డ తెర కట్టింది. లోపల గుండీ సంసారమంతా ఉండేది: దారపు ఉండల బండి, చెయ్యి విరిగిన బొమ్మ, రంగు పెన్సిళ్లు. మంచం మీద పడుకోబెట్టినా తెల్లారేసరికి బల్ల కిందే కనిపించేది.

ఆ బల్ల పక్క గోడ మీద అంకెలుండేవి. అమ్మకి చదవడం రాదు కానీ అంకెలు వచ్చు. కొలతలు రాసుకోవాలి కదా. ఏటా సీజను మొదలవగానే మొట్టమొదటి కొలత గుండీది. గోడకి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి, గుడ్డ మీద గీసే నీలం సుద్దతో గీత గీసేది. ఆ గీత పక్కన భుజం, నడుము, పొడుగు. మూడేళ్లవి మూడు గీతలు, మూడు వరసల అంకెలు. మా అమ్మ తన చేత్తో రాసి, చెరపకుండా ఉంచుకున్న రాత ప్రపంచంలో అదొక్కటే.

ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరంలో 'పరిశుభ్రమైన, సురక్షితమైన నివాసం' అని ఉంది. నేను పరిశుభ్రమైన కింద గీత గీసుకుని, సున్నం, కుంచె తెచ్చాను.

మూడు గోడలు అయ్యాక అమ్మ అడిగింది. "ఈ గోడ వదిలేద్దామా?"

"గోడ నిండా ఆ గీతలేంటి, పిల్లని అదుపులో పెట్టరా అనుకుంటారమ్మా."

అమ్మ మెడలో టేపు తీసి పక్కన పెట్టింది. తర్వాత బల్ల రెండో కొస పట్టుకుని పక్కకి జరపడానికి సాయం పట్టింది. నేను రెండు పూతలు వేశాను. నీలం బాగా ఇంకిపోయినట్టుంది, ఒక పూతకి పోలేదు.

బల్ల కింద సామానంతా మూటగట్టి పొరుగింట్లో పెట్టాం. ఆ పొరుగింటి మెకానిక్‌ని అడిగి ఇనప మంచం తెచ్చి గోడవారగా వేసి, కొత్త దుప్పటి పరిచాం. గుండీకి తల దువ్వుతూ నేనే చెప్పాను. "వచ్చేవాళ్లు పెద్ద ఆఫీసర్లు. మొండిగా మాట్లాడకు. వాళ్లు ఏమడిగినా మర్యాదగా జవాబు చెప్పాలి. బల్ల కింద పడుకుంటానని మాత్రం చెప్పకు, సరేనా?"

"సరే పిన్నీ."

ఆఫీసరుగారు పొద్దున్నే వచ్చింది. నా కంటే పదేళ్లు పెద్దదేమో. గది మధ్యలో నిలబడి చుట్టూ చూసింది.

"ఈ మధ్యే సున్నం వేశారా?"

"మీరొస్తున్నారనేనండి" అంది అమ్మ సంతోషంగా.

"పాప వస్తువులు ఎక్కడ ఉంటాయి?"

"అన్నీ సర్దేశామండి. ఒక్కటి కూడా కనపడదు."

ఆఫీసరుగారు ఏదో రాసుకుని, గుండీ ముందు గొంతుక్కూర్చుంది. "ఇది నీ మంచమా?"

"కాదండి. మెకానిక్ మామయ్యది. రేపు ఇచ్చెయ్యాలి."

"మరి నువ్వు ఎక్కడ పడుకుంటావు?"

గుండీ నా వైపు చూసింది. తర్వాత చేతులు కట్టుకుని, చాలా మర్యాదగా చెప్పింది. "నేను పడుకోనండి."

ఆఫీసరుగారు నవ్వలేదు. మళ్లీ రాసుకుంది. నేను గబగబా, బల్ల కింద పడుకుంటుందండి, అక్కడ పరుపుంది, సిగ్గేసి దాచాం అని నిజం చెప్పేశాను. ఆమె బల్ల తెర ఎత్తి చూసింది. కడిగిన నేల, ఇంకా తడిగా ఉంది.

* * *

కోర్టు గది నేననుకున్నంత పెద్దది కాదు. మా బడిలో టీచర్ల గది అంత ఉంది. జడ్జిగారు రిపోర్టు పైకి చదివారు. అమ్మమ్మకి, పిన్నికి పిల్ల మీద ప్రేమ ఉంది. అయితే ఇంట్లో పాపకంటూ ఒక చోటు గానీ, వస్తువులు గానీ కనిపించలేదు. మంచం పరిశీలన కోసం తెచ్చిపెట్టినది. మేనత్త ఇంట్లో పాప కోసం వేరే గది ఉంది.

"మీరేమైనా చెప్పుకోవాలా?" అని నన్నడిగారు.

"ఉన్నాయండి, వస్తువులు ఉన్నాయి. గోడ మీద మా అమ్మ ఏటా రాసిన కొలతలు కూడా ఉండేవి. మూడేళ్లవి."

"ఇప్పుడు ఉన్నాయా?"

"లేవండి."

"ఎవరు తీసేశారు?"

"నేనే అండి."

జడ్జిగారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. గుండీతో విడిగా మాట్లాడతానని లోపలికి పిలిచారు. పావుగంట తర్వాత గుండీ బిస్కెట్టు తింటూ బయటికి వచ్చింది.

వరండాలో అడిగాను. "ఏమడిగారే?"

"ఎవరి దగ్గర ఉండాలని ఉందని."

"నువ్వేమన్నావు?"

"మీ ఇష్టమండి అన్నాను." నా మొహం చూసి కాస్త తగ్గింది. "మర్యాదగానే చెప్పాను పిన్నీ."

చెయ్యి పొట్టిగా ఉంచాలా పొడుగ్గానా, జేబు ఒకటా రెండా అన్నప్పుడు షాపులో అమ్మ ప్రతి కస్టమరుతోనూ అనే మాట అది. గుండీకి తెలిసిన మర్యాదల్లో అన్నిటికంటే పెద్దది. పిల్ల మాట ఒక్కదాని మీదే తీర్పు ఉండదని లాయరుగారు తర్వాత ఎన్నోసార్లు చెప్పింది. అది నిజమే. నా నోటు పుస్తకంలోనూ రాసి ఉంది.

పిల్లకి బడి ఏడాది పోకూడదని కేసు త్వరగా తేల్చారు; తీర్పు బడులు తెరవడానికి వారం ముందు వచ్చింది. నాలుగు పేజీలు. అమ్మ కత్తెర పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, "చదువు" అంది. మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా చదివాను. తల్లి, తండ్రి, అర్జీదారులు, ప్రతివాదులు, మైనరు బాలిక. అయిపోయాక అమ్మ అడిగింది.

"అందులో అమ్మమ్మ అని ఎక్కడైనా రాశారా?"

మళ్లీ మొదటి నుంచి చూశాను. ఆవిడ అడిగింది కాబట్టి వేలు పెట్టి పంక్తి పంక్తీ చూశాను.

"లేదమ్మా. వాళ్ల దత్తత అర్జీలో మనల్ని ప్రతివాదులు అన్నారు."

"అంటే?"

"ఎదుటి పక్షం."

అమ్మ తల ఊపి మిషను దగ్గరకి వెళ్లిపోయింది.

* * *

కొత్త బడి యూనిఫాం రంగేమిటో వదినే ఫోను చేసి చెప్పింది. "మీ చేత్తోనే కుట్టండి అత్తయ్యగారూ" అంది. అలా అనాల్సిన అవసరం ఆవిడకి లేదు. అన్నది.

అమ్మ షాపులో పనంతా ఆపి గుడ్డ పరిచింది. ఆ గుడ్డ చాలా ఎక్కువ. టేపు మెడలోనే వేలాడుతోంది.

"కొలత తీసుకోవా?"

"అక్కర్లేదు" అంది గుడ్డ మీద గీత గీస్తూ. నేను గోడ వైపు చూడకుండా గుండీలు కుట్టడానికి కూర్చున్నాను.

తీసుకెళ్లే రోజు వదిన, వాళ్లాయన పొద్దున్నే వచ్చారు. ఆయన చొక్కాకి మూడో గుండీ మారి ఉంది. అమ్మ రెండు గౌన్లు తెచ్చి, ఒకటి తిరగేసి అంచు చూపించింది.

"ఇటు చూడమ్మా. కింద లోపలికి మడిచి మూడు వరసలు కుట్టాను. ఏడాదికి ఒక వరస విప్పు, పొడుగు అదే వస్తుంది. పక్కల్లోనూ భుజాల దగ్గరా కూడా గుడ్డ వదిలాను. దీని ఎదుగుదల నాకు తెలుసు. మూడేళ్లు ఢోకా లేదు."

వదిన భర్త, "ఏటా కొత్తవి కొంటాం కదండీ" అనబోయాడు. వదిన ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది. "అలాగే అత్తయ్యగారూ. ఏడాదికొకటి విప్పుతాను."

గుండీ గౌను వేసుకుని అటూ ఇటూ తిరిగింది. "బరువుగా ఉంది" అంది. రేకు డబ్బా తీసుకెళ్లమంటే వద్దంది. "సీజను కదా అమ్మమ్మా, నీకు కావాలి." ఆసుపత్రి సీసా మాత్రం జేబులో వేసుకుంది. మెట్టు దిగాక వెనక్కి తిరిగింది.

"మూడూ విప్పేశాక?"

అమ్మ వంగి, అప్పటికే సరిగ్గా ఉన్న అంచుని మరోసారి సరిచేసింది. ఆటో వచ్చింది.

ఇప్పుడు నేను గాజు గ్లాసుల ఆఫీసులోనే పని చేస్తున్నాను. పిల్లల కోసం వచ్చే అమ్మమ్మలకీ, మేనమామలకీ, పెద్దమ్మలకీ దరఖాస్తులు నింపుతాను. ఇంటికి ఆఫీసరు వస్తారని చెప్పేటప్పుడు, ఏ కాగితంలోనూ లేకపోయినా ఒక మాట చెప్తాను. ఏమీ సర్దకండి అని. కొందరు నన్ను వింతగా చూస్తారు.

వదిన మొదటి ఏడాది ఒక ఫోటో పంపింది. బడి గేటు ముందు గుండీ, పాత గౌనులోనే. మోకాళ్ల దగ్గర అంచు కాస్త పైన, విప్పిన కుట్టు గుర్తు గీతలా కనిపిస్తోంది. అమ్మ ఆ ఫోటోలో ముందు చూసింది ఆ గీతనే. తర్వాత వాళ్లకి వేరే ఊరు బదిలీ అయింది. ఫోను నంబరు మారింది. చట్టం ప్రకారం వాళ్లు మాకు చెప్పాల్సిన పని లేదు.

మళ్లీ సీజను వచ్చింది. అమ్మ కుట్టే ప్రతి గౌనుకీ ఇప్పుడు మడత ఎక్కువ పెడుతోంది. బరువుగా ఉందని తల్లులు సణిగితే, "పిల్లలు పెరుగుతారమ్మా" అంటుంది.

ఈ వేసవికి మూడో వరస కూడా విప్పేసి ఉంటారు. ఆ పైన విప్పడానికి అందులో గుడ్డ లేదు.